బొడ్డు తాయెత్తు

“భరిణెలో పెట్టిన బొడ్డు ఏదే?”

తల్లి రాజరత్నం అడిగిన తీరుకి కోటేశ్వరి చేతిలోని వేణ్ణీళ్ళ బిందె తొణికింది. చెల్లెలు హైమకి కాన్పై మూడు వారాలు. పసివాడి బొడ్డు ఊడిపడ్డాక, ఎండిన ఆ ముక్కని పసుపుగుడ్డలో చుట్టి, కుంకుమ భరిణెలో పెట్టి బీరువాలో దాచారు. ఇవాళ దాన్ని వెండి తాయెత్తులో పెట్టి వాడి మొలతాడుకి కట్టాలి. తాయెత్తు వచ్చింది. భరిణెలో చూస్తే ఉత్త పసుపుగుడ్డే ఉంది.

“నాకేం తెలుసమ్మా? బీరువాలోనే ఉండాలిగా.”

“ఉంటే నిన్నెందుకు అడుగుతానే? నిజం చెప్పు. పరగడుపున అరటిపండులో పెట్టి మింగావా?”

ఎంత మాట! పరాయి బిడ్డ బొడ్డు మింగితే పిల్లల్లేనిదానికి కడుపు పండుతుందట, ఆ బిడ్డ మాత్రం చిక్కి శల్యమైపోతుందట. అందుకే ఆ ఇంట్లో బంగారానికి లేని తాళం బొడ్డుకి వేస్తారు. కోటేశ్వరికి పెళ్ళై తొమ్మిదేళ్ళు, కడుపు పండలేదు. పిడుగురాళ్లలో మొగుణ్ణి హోటలు తిండికి వదిలేసి నరసరావుపేట వచ్చి, ఈ పురుడంతా నెత్తినేసుకుని మోస్తున్నది ఆమే. బాలింత పథ్యం ఆమే వండాలి, సాంబ్రాణి పొగ ఆమే వెయ్యాలి, పిల్లాడి గుడ్డలు ఆమే ఉతకాలి.

“అమ్మా, నేను నీ కూతుర్నే!”

“కూతురువి గనకే బీరువా తాళాలు నీ చేతికిచ్చా. ఈ ఇంట్లో గొడ్రాలు ఇంకెవరున్నారే?”

ఊళ్ళోవాళ్ళు అన్నప్పుడు కోటేశ్వరి వెయ్యిసార్లు విని ఊరుకున్న మాట అది. కన్నతల్లి నోట వినడం ఇదే మొదలు. దిక్కుతోచక చెల్లెలి వైపు చూసింది. హైమ మంచం మీద కూర్చుని పిల్లాణ్ణి గుండెలకి అదుముకుంది.

“రాత్రి వీడు పాలు సరిగ్గా తాగలా. అందుకేనా అక్కా?”

“ఏందే హైమా, నువ్వు కూడానా! ఇట్టా ఇవ్వు, వాడి నెత్తిన చెయ్యిపెట్టి చెప్తా.”

కోటేశ్వరి చేతులు చాచింది. హైమ చటుక్కున గోడవైపుకి తిరిగిపోయింది. “వొద్దమ్మా, అక్కని తాకనియ్యొద్దు!”

నిన్నటిదాకా వాణ్ణి కాళ్ళమీద వేసుకుని నీళ్ళు పోసిన చేతులవి. చాచిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో కోటేశ్వరికి తెలియలేదు.

“చాలు, ఆపండి పిన్నిగారూ!” అంటూ కుర్చీలోంచి లేచింది సింధూజ. గుంటూరులో పరిశోధన చేస్తున్న పిల్ల. జపాన్‌లో కాన్పులూ, బాలింతల ఆరోగ్యం మీద అక్కడివాళ్ళు చేసిన పరిశోధనని పట్టుకుని, మన ఇళ్ళల్లో ఎలా ఉందో పోల్చి చూడటానికి ఆదివారం ఆదివారం వస్తోంది. పోయిన వారం కోటేశ్వరి వడ్డించిన గోంగూరపప్పూ అన్నం రెండుసార్లు అడిగి వేయించుకుని తిని, బీరువాలోని భరిణె కూడా తీయించి చూసి రాసుకుంది.

“జపాన్‌లోనూ మనలాగే పుట్టింటికి పురిటికి వెళ్తారు. ఊడిన బొడ్డుని చిన్న చెక్కపెట్టెలో దాచుకుంటారు. అది తల్లీబిడ్డల గుర్తు, అంతే! ఎండిన తోలుముక్క మింగితే పిల్లలు పుడతారా? ఈ కాలంలో ఇదేం పిచ్చి? ఆవిడ తియ్యలేదు. తియ్యలేదంటే తియ్యలేదు!”

“నీకేం తెలుసమ్మాయ్?” అంది రాజరత్నం. “నువ్వూ మీ ఆయనా పిల్లలిప్పుడే వద్దనుకున్నోళ్ళు. లేనిదాని కక్కుర్తి ఎట్టుంటదో నీకెట్టా తెలుస్తది?”

సింధూజ తలొంచుకుని మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

కోటేశ్వరి లోపలికెళ్ళి బట్టలు సంచిలో కుక్కుకుని వచ్చింది. గడపలో తల్లి ఆ సంచి లాక్కుని నేలమీద బోర్లించింది. ఒక్కో చీరా విప్పి, దులిపి, జాకెట్టు మడతలు కూడా తడిమి చూసింది. సింధూజ మొహం పక్కకి తిప్పుకుంది. ఏమీ దొరక్కపోతే తల్లి కాస్త తగ్గుతుందనుకుంది కోటేశ్వరి. తగ్గితేనా!

“కడుపులో ఉన్నది సంచిలో ఎందుకుంటది!” అంది రాజరత్నం.

సింధూజే స్కూటీ మీద బస్టాండుకి తీసుకెళ్ళింది. పిడుగురాళ్ల బస్సు ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడింది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు కోటేశ్వరికి అక్కడ తన్నుకొచ్చింది.

“నా తోడబుట్టింది చెయ్యి తగలనియ్యలేదమ్మాయ్. కన్నతల్లి దొంగని చేసింది. ఇంక ఆ గడప నేను తొక్కను. ఏమీ కానిదానివి, నువ్వొక్కదానివి నమ్మావు. నీ రుణం ఎట్టా తీర్చుకోను?”

“మీరు తియ్యలేదని నాకు తెలుసక్కా.”

“చల్లగుండు తల్లీ. నీ కడుపు చల్లగుండ!”

ఆ దీవెనకి సింధూజ కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. కిటికీ ఊచ మీదున్న కోటేశ్వరి చేతిని గట్టిగా పట్టుకుంది. డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. కండక్టరు రైట్ రైట్ అన్నాడు. సింధూజ బస్సుతోపాటే నాలుగడుగులు నడిచింది, చెయ్యి వదల్లేదు.

“ఏంది తల్లీ? చెప్పు.”

“అక్కా, పోయిన ఆదివారం నేను అన్నం తిన్నాక మింగాను... పరగడుపున కాకపోతే పనిచెయ్యదా?”