కదలని రంగు

వెబ్ పేజీ వెనక రంగు ఎరుపు నుంచి పసుపుకు మెల్లగా సాగాలి. నాలుగింటికి యజమాని వచ్చి చూస్తాడు. ఆ రంగేమో బెల్లం కొట్టిన రాయిలా ఉలకదు, పలకదు.

డిజైనరమ్మాయి రంగు పొజిషన్‌ను సున్నా నుంచి వంద శాతానికి మార్చింది. మళ్లీ మార్చింది. ఊహూఁ.

చివరికి అలవాటు కొద్దీ ఆన్‌లైన్ చర్చావేదిక తెరిచింది. "తెరచాటు గారూ, గ్రేడియంట్ రంగు కదలట్లేదండీ. మీ చిట్టి" అని రాసింది.

తెరచాటు ఎవరో ఆమెకు తెలియదు. ఓనమాల నుంచి ఈ పని నేర్పింది మాత్రం ఆయనే. నాలుగేళ్లలో ఏ ప్రశ్నకూ విసుక్కోలేదు. ఏడాదిగా జవాబు లేదు. అయినా ఆమె వారం వారం రాస్తూనే ఉంది. ఒక్కసారి ఎదురుపడితే బాగుండునని ఒకటే బెంగ.

పక్క సీటులోంచి భూతద్దం తాత, చేతిలో అద్దంతోనే, ఆమె తెరలోకి తొంగి చూశాడు. అక్షరదోషాలు దిద్దడానికి వారం కిందట చేరిన పెద్దాయన. భూతద్దం పెట్టుకుని చదివితే గంటకో పేజీ.

"గుడ్డ కిటికీ అంతే ఉంటే ఎటు లాగుతావమ్మా?"

"ఇది కర్టెన్ల కొట్టు కాదు తాతగారూ. మీ పొల్లులూ కొమ్ములూ మీరు చూసుకోండి."

"అది కాదమ్మా, నేను..."

ఆమె విసురుగా లేచి మేనేజరు గదిలోకి వెళ్లింది.

"ఆయన పక్కనుంటే నాకు పని సాగట్లేదు సార్."

"ఎలాగూ నత్తనడకే. పంపించేద్దాంలే."

మధ్యాహ్నానికి తాత సంచీ సర్దుకున్నాడు. పోతూ పోతూ, "సైజు రెండొందల శాతం పెట్టి చూడు" అన్నాడు. ఆమె తలెత్తలేదు.

మూడున్నరకు, ఇక దిక్కులేక పెట్టి చూసింది. రంగు కదిలింది! పేజీకి సరిగ్గా సరిపోయిన రంగుకు జరగడానికి చోటేదీ? రెండింతలు చేశాక సగం బయట మిగిలింది, అదే ఇప్పుడు లోపలికి వస్తోంది.

యజమాని భేష్ అన్నాడు. ఆమె వెంటనే మేనేజరు దగ్గరికి పరుగెత్తింది.

"తాతగారి నంబరుందా సార్?"

"వారం పనికి నంబరెందుకమ్మా? రాసుకోలేదు."

సీటుకు తిరిగొచ్చేసరికి, ఏడాది తర్వాత, తెరచాటు జవాబు వచ్చి ఉంది.

"చిట్టీ, చూపు ఆనక ఏడాదిగా రాయలేదు. ఇవాళతో ఈ ఖాతా మూసేస్తున్నాను. రంగు చివరికెళ్లాక మొదటికి గెంతుతుంది, చూసుకో. వెళ్లిన దారినే వెనక్కి రానివ్వు, కుదుపుండదు. వారం రోజులుగా నీ పక్కనే కూర్చున్నానని నాకూ ఈ పొద్దునే తెలిసింది తల్లీ."