చప్పుడు చేసే పంపు

అది మే నెల తొమ్మిదో తేదీ. ఆ ఉదయం భూపేష్ తన దుకాణంలో కూర్చుని ఉగ్గాని తింటున్నాడు. మిరపకాయ బజ్జీ కొరకబోతుంటే వీరేష్ లోపలికి వచ్చాడు.

"నువ్వు పెట్టిన పంపు తీసెయ్యప్పా" అన్నాడు.

భూపేష్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే వీరేష్‌కు పది రోజుల కిందటే కొత్త కంప్యూటర్ తయారు చేసి ఇచ్చాడు. కర్నూలు ఎండలకు తట్టుకోవాలని ఫ్యాన్ల బదులు నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు పెట్టాడు. సన్నని గొట్టాల్లో నీళ్లు తిరుగుతూ లోపలి వేడిని మోసుకుపోతాయి. ఆ నీళ్లను తిప్పేది అరచేతిలో ఇమిడే చిన్న పంపు.

"నీళ్లు కారుతాండాయా అన్నా?"

"లేదు."

"మిషన్ వేడెక్కుతాండాదా?"

"లేదప్పా. పంపు సద్దు చెయ్యడం లేదు. అదే కష్టం."

భూపేష్ పకపకా నవ్వాడు. "సద్దు చెయ్యని పంపు కావాలనే కదన్నా అందరూ నా పానం తీసేది!"

వీరేష్ నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చుని సంగతి చెప్పాడు.

అతని భార్య శివజ్యోతికి మూడేళ్ల కిందట చూపు పోయింది. అప్పటినుంచీ ఇంట్లో ఒంటరిగా మిగిలిపోతానేమోనని ఒకటే భయం. రాత్రిళ్లు వీరేష్ పక్కగదిలో పని చేసుకుంటాడు. పాత కంప్యూటర్ ఫ్యాన్ల రొద గోడ దాటి వినబడేది. అది వినబడినంతసేపూ భర్త ఉన్నాడని ఆమెకు ధైర్యం. కొత్తది వచ్చాక ఏమీ వినబడటం లేదు. గంటకోసారి పిలుస్తుంది. జవాబు ఆలస్యమైతే లేచి గోడ తడుముకుంటూ వచ్చేస్తుంది. మొన్న గడప తగిలి పడింది. నుదుటి మీద నాలుగు కుట్లు.

"సద్దు వినపడితే పిలవదు, లేవదు. హాయిగా పండుకుంటాది" అన్నాడు వీరేష్.

భూపేష్ బజ్జీ పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాడు.

ఆ మధ్యాహ్నమే మూడు పంపులు సంచిలో వేసుకుని వాళ్లింటికి వెళ్లాడు. శివజ్యోతి గోడకు ఆనుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"ఏమప్పా, మా వీధి కొళాయిలో నాలుగు దినాలకొకసారి వస్తాయి నీళ్లు. మీ కంప్యూటర్‌కు మాత్రం రేయింబగళ్లు కావాల్నా?"

"బిందెడు కూడా పట్టవక్కా. ఆ నీళ్లే తిరిగి తిరిగి ఆడికే వస్తాయి."

"అట్లయితే మా ఆయన మాదిరే. యాడ తిరిగినా ఈడికే వస్తాడు."

వీరేష్ వెంట పక్కగదిలోకి పోయి భూపేష్ మొదటి పంపు తిప్పాడు. "ఇది ఎట్లుందక్కా?"

"ఈగ."

రెండోది తిప్పాడు.

"మిక్సీ! దీని పక్కన పండుకుంటే పిచ్చి లేస్తాది నాకు."

మూడోది పాత రకం. బరువైనది, జోరు ఎక్కువ. మామూలుగా పంపు అదురు బయటికి రాకుండా కింద స్పాంజి వేస్తారు. భూపేష్ ఆ స్పాంజి పీకేసి, పంపును నేరుగా ఇనుప చట్రానికి బిగించాడు. వేగం కొంచెం కొంచెంగా పెంచుతూ పోయాడు. అరవై అయిదు శాతం దగ్గర, తెరిచిన తలుపు అవతల శివజ్యోతి చెయ్యెత్తింది. తల గోడకు ఆనించి కాసేపు విన్నది.

"ఇదే" అంది. "ఇది మా ఆయన."

భూపేష్ ఆ అంకె రాసుకున్నాడు.

"మామూలుగా అయితే అన్నా, మిషన్ వేడెక్కితే పంపు వేగం పెరుగుతాది, చల్లబడితే తగ్గుతాది" అన్నాడు వీరేష్‌తో.

"వేడితో పని లేకుండా పెట్టు" అన్నాడు వీరేష్. " గడియారం చూసి తిరగాల. ఒకే తీరుగా మోగితే మిషన్ అనిపిస్తాది. కొంచేపు గట్టిగా, కొంచేపు మెల్లగా, మనిషి పని చేస్తాండేటట్లు ఉండాల."

ఆ ప్రకారమే పెట్టాడు భూపేష్. మరీ తగ్గిస్తే పంపు తిరగడం ఆగిపోతుంది కాబట్టి నలభై శాతానికి కిందికి దిగకుండా చూశాడు.

"కరెంటు పోతే?" అడిగాడు వీరేష్.

"యూపీఎస్ ఉండాది కదా. అది కూడా అయిపోతే, కరెంటు రాంగనే తనంతట తానే మొదలయ్యేటట్లు పెట్టినా."

"నీళ్లు ఎన్ని దినాలకొకసారి పొయ్యాల?"

"ఏడాది దాకా చూసే పని లేదన్నా."

"అంత అక్కర్లేదులే" అన్నాడు వీరేష్. ఆ రోజు అతను నవ్వడం అదే మొదటిసారి.

భూపేష్ చెప్పులు వేసుకుంటుంటే లోపలి నుంచి శివజ్యోతి పిలిచింది.

"నీకు పెండ్లయిందా అప్పా?"

"అయిందక్కా."

"ఆయమ్మను నువ్వు గూడా ఇట్లనే చూసుకో."

భూపేష్‌కు సిగ్గేసింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లగానే, కిర్రుమంటోందని ఆరు నెలలుగా భార్య మొత్తుకుంటున్న ఫ్యాను దింపి నూనె వేశాడు.

వీరేష్ ఇంట్లో శివజ్యోతి జొన్నరొట్టె తిని తొమ్మిదింటికే పడుకుంది. వీరేష్ మంచినీళ్ల చెంబు ఆమె చేతికి అందేంత దగ్గర పెట్టాడు. దుప్పటి సర్దాడు. నుదుటి కుట్లకు తగలకుండా జుట్టు పక్కకు తోశాడు.

"పోయి పని చూసుకోపో" అంది ఆమె. "నేనింక పిలవను."

గోడ అవతల పంపు మొదలైంది. కొంతసేపు గట్టిగా, కొంతసేపు మెల్లగా, మళ్లీ గట్టిగా. శివజ్యోతి గోడ మీద అరచెయ్యి పెట్టుకుని వింటూ వింటూ, పది రోజుల తర్వాత మొదటిసారి ఒళ్లెరగకుండా నిద్రపోయింది.

వీరేష్ తన బట్టలు సర్దుకున్న రెండు పెట్టెలనూ ఆటోలో పెట్టి వచ్చి, ఇంక ఎన్నటికీ తాను తిరిగి రాని ఆ ఇంటి వీధి తలుపును బయటి నుంచి మెల్లగా మూశాడు.