గాలి లేకుండా వచ్చిన పడవ

ఆ సాయంత్రం గాలి పూర్తిగా పడిపోయింది. తెరచాప పడవలో సముద్రయానానికి బయలుదేరిన టైలరు దంపతులు కొండల చాటున లంగరు వేశారు. దారిలో కొత్తగా పరిచయమైన డాక్టరమ్మ తన పడవను పక్కనే ఆపి, వీళ్ళతో టీ తాగుతూ కబుర్లలో పడింది.

చీకటి పడ్డాక మరో పడవ వచ్చింది. ఇక్కడ దీపం మంట కూడా కదలడం లేదు. దాని తెరచాప మాత్రం నిండుగా ఉబ్బి ఉంది. నీళ్ళు చప్పుడే చేయలేదు.

"ఏరా టైలరూ, బాగున్నావా?" అన్నాడు చుక్కాని పట్టుకున్న మనిషి.

టైలరు చేతిలోని టీ ఒలికిపోయింది. తనకు పడవ నడపడం నేర్పిన నేస్తం గొంతు అది. ఏనాడో తుఫానులో వెళ్ళినవాడు మళ్ళీ ఒడ్డుకు రాలేదు.

"బాగున్నాన్రా. నువ్వేంట్రా, ఇలా..."

"ఊరికే, చూసిపోదామని. కొత్తవాళ్ళను పరిచయం చెయ్యవా?"

భార్య అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. టైలరు కళ్ళు తుడుచుకున్నాడు. "ఈవిడ మన డాక్టరమ్మ," అంటూ పక్కకు తిరిగాడు.

ఆమె అప్పటికే లేచి నిలబడింది. ఆమె చూపు ఆ నేస్తాన్ని దాటి, తెరచాప నీడలో కూర్చున్న ఇంకో మనిషి మీద ఆగిపోయింది.

"అన్నయ్యా," అంది మెల్లగా, "నువ్వు కూడా ఇందులోనే ఉన్నావా?"