పసుపు రంగు రాలేదు

"మళ్ళీ చెయ్యి," అంది ఎడెల్మీరా.

చిలోయే ద్వీపంలోని ఆ ప్రయోగశాలలో యస్నా, తన పిన్ని ఎడెల్మీరా తెచ్చిన ఆల్చిప్పల మాంసాన్ని అప్పటికే రెండుసార్లు పరీక్షించింది. ఫాస్ఫటేజ్ ఎంజైమ్ పనిచేస్తే ద్రావణం పసుపు రంగుకి తిరగాలి. తిరగలేదు.

"నీ ఎంజైమే చచ్చిందేమో చూసుకో!"

"మంచి ఆల్చిప్పలతో భేషుగ్గా పనిచేసింది పిన్నీ. నీ వాటిలో విషం ఉంది. ప్రోటీన్లకి అంటుకున్న ఫాస్ఫేట్‌ని ఊడదీయడం ఈ ఎంజైమ్ పని. ఒంట్లో విషం దీన్ని కట్టిపడేస్తే పేగుల్లో కణాలు నీళ్ళని ఆపలేవు. మనిషి నీరైపోతాడు."

"ఇంకొక్కసారి చెయ్యవే."

యస్నాకి కోపం నషాళానికంటింది. "ఎన్నిసార్లు చేసినా ఇంతే! అమ్ముకోడానికి నేను ఒప్పుకోను. ఎవరైనా తింటే?"

ఎడెల్మీరా కుర్చీలో కూలబడింది.

"అమ్ముకుంటానని ఎవరన్నారే? ఆల్చిప్పలు తినొద్దన్న ఈ నిషేధం ఒట్టి బెదిరింపనుకుని, నిన్న కురాంతో వంటకంలో అవే వేసి వండాను. మీ అమ్మ ఇష్టంగా తింది. పొద్దున్నుంచి విరేచనాలతో లేవలేకపోతోంది. విషం లేదని నీ నోటితో వింటే చాలనుకుని వచ్చాను."

యస్నా చేతి తొడుగులు విప్పకుండానే బయటికి పరుగెత్తింది.