మధ్య గీత

"బొంతకి గుండీలేంటమ్మా? చొక్కా అనుకున్నారా?"

కత్తెరమ్మ కళ్లజోడు నుదుటి మీదికి తోసి మరీ అడిగింది. ఆ వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. చేతిలో ఎప్పుడూ కత్తెర ఉంటుందని కొందరు, నోట్లో ఉంటుందని కొందరు.

ఎదురుగా నిలబడ్డ తల్లి సంచీలోంచి పాత జెర్సీలు తీసి బల్ల మీద పరుస్తోంది. ఇద్దరు కూతుళ్లవి. ఇద్దరికీ ఫుట్‌బాల్ పిచ్చి. పెద్దది గోల్‌కీపరు, పసుపు జెర్సీ. చిన్నది గోల్స్ కొట్టే పిల్ల, ఎర్ర జెర్సీ. పొట్టివైపోయిన వాటన్నిటినీ కలిపి ఒక బొంత కుట్టాలి. అది ఆటమైదానంలా ఉండాలి. పెద్దదాని సగం పసుపు, చిన్నదాని సగం ఎరుపు, చుట్టూ పచ్చిక.

అంతవరకూ బాగానే ఉంది. కానీ మైదానాన్ని రెండుగా చీల్చే తెల్ల గీత దగ్గర కుట్టు ఉండకూడదట. గుండీలు ఉండాలట. విప్పితే రెండు ముక్కలవ్వాలి, పెడితే ఒకటవ్వాలి.

"రాత్రుళ్లు దుప్పటి లాక్కుంటారా ఇద్దరూ?"

"ఒకే మంచం కదక్కా. కొట్టుకు చస్తారు," అంది తల్లి, నవ్వబోయి.

"అయితే రెండు బొంతలు కుట్టేస్తాను. గొడవే ఉండదు."

"రెండొద్దు. ఒకటే కావాలి. గుండీలు పెట్టించమని పిల్లలే అడిగారు."

కత్తెరమ్మ ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది? ఏళ్ల తరబడి ప్యాంట్లకు జిప్పులు మార్చీ మార్చీ విసిగిపోయిన చేతులవి. వచ్చే నెల టౌన్‌హాల్లో కుట్టుపనుల ప్రదర్శన ఉంది. ఈ బొంతను అక్కడ వేలాడదీసి, అయిపోగానే ఇచ్చేస్తానంటే తల్లి సరేనంది. ఒక్కసారైనా తన పని నలుగురూ నిలబడి చూడాలన్నది కత్తెరమ్మ ఆశ. దాని ముందు గుండీల బాధ ఎంత అనుకుంది.

పని మొదలయ్యాక తెలిసింది ఎంతో.

లేతాకుపచ్చ, ముదురాకుపచ్చ పట్టీలు కలిపి పచ్చిక కుట్టింది. తెల్ల దుప్పటి కత్తిరించి మధ్యలో పెద్ద వలయం పెట్టింది. దాని నడుమ బంతి అతికిద్దామనుకుంటుండగా పిల్లల తండ్రి ఊడిపడ్డాడు.

"బంతి అలా మధ్యలో పెట్టకండి. విప్పితే ఒకవైపే పోతుంది. ఒక్కో సగంలో ఒకటి పెట్టండి."

"రెండు బంతులతో ఆడే ఆటేదన్నా ఉంటే చెప్పండి బాబూ. మా ఆయనకి నేర్పిస్తాను."

అతను నవ్వలేదు. పసుపు సగం ఇంకో జానెడు వెడల్పుండాలన్నాడు. మంచం కొలిచి చూశాడట.

"మీ ఆవిడ చెప్పిన కొలత అది కాదే!"

"ఆవిడ చెప్పింది ఎర్రవైపు కొలత. అదీ కరెక్టే," అని వెళ్లిపోయాడు.

ఒక్క మంచానికి మొగుడొక కొలత, పెళ్లామొక కొలత. వాళ్లింట్లో ఉన్నది టేపో, రబ్బరు ముక్కో! పైగా పసుపు వైపు జానెడు పెంచితే మధ్య గీత మధ్యలో ఉండదు. గీత పక్కకి జరిగిన మైదానాన్ని తీసుకెళ్లి టౌన్‌హాల్లో ఏ మొహంతో వేలాడదీస్తుంది?

అయినా పళ్లబిగువున కాజాలు కుట్టింది. బొంతలో నింపిన దూది అక్కడికొచ్చి ముద్ద కట్టింది. విప్పింది. మళ్లీ కుట్టింది. ఈసారి వలయం రెండు సగాలూ కలవక పగిలిన చిప్పలా తయారైంది. మళ్లీ విప్పింది. సూది విరిగి వేలిలో దిగింది.

"వాళ్ల బొంత, వాళ్లిష్టం. ఏదోలా గుండీలు పెట్టి పారెయ్," అన్నాడు పక్కన కుట్లు చదును చేస్తున్న భర్త.

"మీరు ఇస్త్రీ సంగతి చూసుకోండి!"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లకు ఒక మంచి పని చేతికొస్తే, ఆలుమగల పంతాలు మధ్యలో దూరి దాన్ని పాడు చేస్తున్నాయి. గుండీల డబ్బా బీరువా మీదికి గిరాటేసింది. రెండు సగాలూ సమానంగా కత్తిరించింది. అంచులు కలిపి మిషన్ మీద ఒకసారి, చేత్తో ఒకసారి, ఏనుగొచ్చి లాగినా ఊడనంత గట్టిగా కుట్టేసింది. నట్టనడుమ ఒకే ఒక్క బంతి పెట్టింది. కళ్లారా చూస్తే వాళ్లే ఔనంటారులే అనుకుంది.

టౌన్‌హాల్లో జనం నిజంగానే నిలబడి చూశారు. "అతుకు కనబడకుండా ఎలా కలిపారండీ?" అని ఎవరో అడిగితే, కత్తెరమ్మ జన్మలో మొదటిసారి సిగ్గుపడింది. సాయంత్రానికి బొంత పక్కన మొదటి బహుమతి కాగితం కూడా అంటించారు.

అప్పుడొచ్చారు తల్లీ తండ్రీ, పిల్లలిద్దరూ. పెద్దపిల్ల వీపున బరువైన బ్యాగు. ఆటకెళ్లి వస్తున్నట్టుంది అనుకుంది కత్తెరమ్మ. ఆ పిల్ల నేరుగా బొంత దగ్గరికి వెళ్లి, తెల్ల గీత వెంట పైనుంచి కిందికి వేళ్లతో తడిమింది. మళ్లీ కిందనుంచి పైకి తడిమింది.

"గుండీలేవి ఆంటీ?"

"ఎందుకమ్మా అవి? ఎంత బాగా కలిసిపోయిందో చూడు. ఇక దీన్నెవరూ విడదీయలేరు!"

తల్లి, తండ్రి వైపు చూసింది. తండ్రి నేల చూశాడు. పెద్దపిల్ల చెయ్యి గీత మీదే ఆగిపోయింది.

చిన్నదాని మొహం మాత్రం వెలిగిపోయింది. తల్లి కొంగు పట్టుకుని గట్టిగా ఊపింది.

"అయితే అక్క ఇవాళ నాన్నతో ఆ కొత్తింటికి వెళ్లిపోవక్కర్లేదా అమ్మా?"