ధోతి ముడి

"ఇప్పు జెర, సిగ్గెందుకు?" అన్నాడు మజహర్ డాక్టరు.

పెంటయ్య ధోతి ముడి వదులు చేశాడు. పోలీసు యాక్షన్ నాడు కూడా బెదరని మనిషి, గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. నడుం మీద, ముడి బిగిసేచోట, రూపాయి బిళ్లంత పుండు. పోయినేడు వాళ్ల ఊరు ముత్తంగిలో సోమయ్య సరిగ్గా అక్కడ లేచిన పుండుతోనే పోయాడు. రాచపుండు అన్నారు. తనకూ అక్కడే లేచేసరికి పెంటయ్యకు అన్నం సహించడం మానేసింది.

సంగారెడ్డి దాకా ఈడ్చుకొచ్చింది పెళ్లాం రాజవ్వే. తలనొప్పొస్తే తనకింత శొంఠి అరగదీసుకోని మనిషి, మొగుడి పుండు కంటబడిన నాటి నుంచి "దవాఖానకు పోదాం" అని ఒకటే పోరు. బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. ఇక్కడా బల్ల ఖాళీగా ఉన్నా గోడకానుకుని నిలబడింది. ఆమె దగ్గర వేపాకు వాసన. తన పుండుకు నూరి నూరి చేతులకు పట్టిందనుకున్నాడు పెంటయ్య.

డాక్టరు వేలితో నొక్కగానే "అబ్బా!" అని అరిచాడు పెంటయ్య.

"నొస్తుందా? మంచిదే. ఎన్ని రోజులాయె?"

"రెండు నెలలు సాబ్."

"నొయ్యకుంటె ఇంకా మంచిది గద సాబ్?" రాజవ్వ అడిగింది.

"నొయ్యకుంటెనే పరేషాన్, అమ్మా."

"అంచులు గట్టిపడి, ముట్టుకుంటె నెత్తురొస్తె?"

"నాకెక్కడ గట్టిపడ్డయే!" పెంటయ్య కసిరాడు. "సోమయ్య రోగం నాకంటగడుతవా?"

ఆమె మొగుడి వైపు చూడనైనా లేదు. "గజ్జల్ల బిళ్లలు కడితె సాబ్?"

మజహర్ చేతులు కడుక్కుంటున్నవాడల్లా ఆగాడు. "చిన్నగ ఉన్నప్పుడొస్తె కోసి తీసేస్తం, బతుకుతరు. బిళ్లలు కట్టినంక మస్తు కష్టం. సోమయ్యను గట్లనే తెచ్చిండ్రు." తర్వాత పెంటయ్య భుజం తట్టాడు. "నీది రాచపుండు కాదు, ఒరుసుకుని లేసింది. ఈ మలాం రాయి. నెలల మానకుంటె మళ్ల రా. ధోతి గానీ చీర గానీ, ఏండ్లకేండ్లు ఒక్క తావునే బిగిచ్చి కట్టొద్దు."

పెంటయ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది. బయటికి రాగానే హోటల్లో దూరి అయిదు మిర్చీలు తిన్నాడు. రాజవ్వ ఒక్కటీ ముట్టలేదు.

"ఇగ ఏం రంది నీకు? నీ నోట్ల మన్నువడ, గా అడుగుడుతోనే నన్ను సగం సంపితివి!" అని నవ్వాడు. అంతలోనే గొంతు తగ్గించాడు. "ఏమైనా, నేనంటె నీకు గింత పానమని ఇన్నేండ్లు తెల్వలె."

రాజవ్వ మలాం డబ్బాను కాసేపు చేతిలో తిప్పి చూసింది. తిరిగి అతని చేతిలోనే పెట్టింది.

"నీదైతె మానుతది. రాసుకో."

ఇల్లు చేరగానే దాహమన్నాడు పెంటయ్య. కడవలో చుక్క నీళ్లు లేవు. ఆమె బిందె తీసుకుని బావికి బయల్దేరింది, ఈమధ్య అలవాటు చేసుకున్నట్టే ఎడమ నడుం మీద పెట్టుకుని.

కుడి నడుం మీది పుండుకు మూడేళ్లు.