అట్ట విప్పండి, మికామి గారూ

పుస్తక చర్చలో తన వంతు వచ్చేలోపు ఒక్కసారి చూసుకుందామని ఒళ్ళో పుస్తకం తెరిచిన నోబుకోకు పై ప్రాణాలు పైనే పోయాయి. తెచ్చింది చర్చకు చదివిన నవల కాదు. ‘అరవైలో విడాకులు: గొడవ లేకుండా విడిపోవడం ఎలా?’

టప్పున మూసేసింది. షాపువాళ్ళు కొన్న ప్రతి పుస్తకానికీ వేసిచ్చే గోధుమరంగు కాగితం అట్టే కొంప ముంచింది. రెండిటికీ అదే అట్ట, రెండూ అరచేతిలో పట్టేంతవే. పొద్దున భర్త తెత్సురో నడకకు వెళ్ళగానే దాచిన చోటి నుంచి ఈ పాపిష్టి పుస్తకం తీసి నాలుగు పేజీలు చదివింది. మళ్ళీ దాచేశాననే అనుకుంది. బయల్దేరే హడావిడిలో బల్ల మీద కనబడ్డది సంచిలో పడేసుకుని వచ్చేసింది. ఛీ, ఏం మతిమరుపు!

మార్చి నెలాఖరుకి తెత్సురో రిటైరవుతాడు. ఆ రోజే చెప్పేద్దామని నోబుకో నిర్ణయం. ఆయన చెడ్డవాడేం కాదు. ముప్పై మూడేళ్ళుగా ‘అన్నం, స్నానం, పడక’ అనే మూడు మాటలు తప్ప నాలుగో మాట ఎరగడు, అంతే. ఇక రోజంతా ఇంట్లో కూర్చుని ఆ మూడే అంటుంటే భరించడం తన వల్ల కాదు. కానీ తను చెప్పకముందే ఈ సంగతి ఇంకొకరి నోట వింటే ఆ మనిషి కుప్పకూలిపోడూ?

ఆ ఇంకొకరు ఇక్కడే, పక్క కుర్చీలోనే ఉంది. హనావా గారు. ఆవిడ భర్తదీ తెత్సురోదీ ఒకే రైల్వే స్టేషన్లో పని. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. చీకటి పడేలోపు స్టేషనంతా పాకిపోతుంది.

"మికామి గారూ, మీ వంతు. అట్ట విప్పండి" అంది కురోయివా గారు. స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కాఫీ హోటల్ మేడ మీద ప్రతి నెలా చేరే ఈ ఆరుగురికీ ఆవిడే పెద్ద. అట్ట విప్పి పేరు చూపించాలి, చదివినదాని గురించి అయిదు నిమిషాలు మాట్లాడాలి, తర్వాత పుస్తకం అందరి చేతులూ తిరగాలి. అదీ ఆవిడ పెట్టిన పద్ధతి.

నోబుకో పుస్తకాన్ని రెండు చేతులతో ఒళ్ళో అదిమిపెట్టుకుంది. "అదీ... ఇవాళ విప్పకుండా చెబుతానండి. ఏ పుస్తకమో మీరే కనుక్కోవాలి."

"ఇదేం కొత్త ఆచారం?"

"పోనివ్వండి టీచరుగారూ, సరదాగా ఉంటుంది!" అంది హనావా గారు.

నోబుకో నవల కథ అప్పజెప్పింది. నది మీద పడవ నడిపే ఆడమనిషి. ఓ తెల్లారుజామున మొగుడికి చెప్పాపెట్టకుండా అదే పడవెక్కి ఊరొదిలి వెళ్ళిపోతుంది.

"తెలిసిపోయింది! పోయినేడు బహుమతి వచ్చిన నవల!" హనావా గారు చప్పట్లు కొట్టింది. "నాకైతే ఒళ్ళు మండిందండీ. ఒక్క మాట చెప్పి చావొచ్చుగా? ఆ మొగుడేం పాపం చేశాడు?"

"చెబితే తట్టుకోలేడనే కదండీ చెప్పలేదు!" నోబుకో గొంతు తనకే తెలియకుండా పెరిగింది.

"తట్టుకోలేడని ఆవిడకెలా తెలుసు? అడిగిందా?" కురోయివా గారు కళ్ళద్దాల పైనుంచి చూసింది. "ఆ నవలలో నాకు నచ్చనిది అదే. మొగుడి మనసులో ఏముందో రచయిత ఒక్క వాక్యమైనా రాయలేదు."

ఈలోగా హనావా గారి చెయ్యి రానే వచ్చింది. "ఏదీ, ఇటివ్వండి. ఆఖరి పేజీలో ఏమన్నా రాశాడేమో చూద్దాం."

"వద్దండీ!"

ఇద్దరూ చెరోవైపు లాగారు. అట్ట అంచు చర్రున చిరిగింది. లోపల్నుంచి పేరులో మొదటి అక్షరం బయటపడింది.

"మిసో సూప్ ఒలికిందండీ! పేజీలన్నీ అతుక్కుపోయి ఒకటే కంపు!" అని అరిచేసింది నోబుకో.

"ఛీఛీ!" హనావా గారు చెయ్యి వెనక్కి లాక్కుని చేతిరుమాలుతో తుడుచుకుంది. "పుస్తకం చదువుతూ తింటారా? మీకు కొత్తది నేనే కొనిస్తాలెండి." అందరూ గొల్లుమన్నారు. బతుకు జీవుడా అని నోబుకో పుస్తకాన్ని సంచి అడుక్కి తోసేసింది.

బస్టాపులో ఎవరూ లేరు. ఇంట్లో అడుగుపెట్టేలోపు ఆ చిరిగిన అట్టను తిప్పి వేద్దామని పుస్తకం బయటికి తీసింది. పాపం తెత్సురో, ఏమీ ఎరగని మనిషి! ఎంత ప్రమాదం తప్పిపోయింది!

అట్ట లాగుతుంటే పుస్తకం మధ్యకి తెరుచుకుంది. పేజీ నిండా ఎర్ర పెన్సిల్ గీతలు. పక్క పేజీలోనూ గీతలే. స్కేలు పెట్టి గీసినవి, ఒక్కటీ వంకర లేదు.

నోబుకో జన్మలో పుస్తకంలో గీత గీసి ఎరగదు. మూడో అధ్యాయం దాటి చదవనూ లేదు. ఈ గీతలు ఆఖరి అధ్యాయం దాకా ఉన్నాయి. అంటే ఇది తను దాచిన పుస్తకం కాదు. గబగబా తిప్పింది. చివరి పేజీ అడుగున, రైళ్ళ వేళలు రాసీ రాసీ అలవాటైన ఆ చిన్న చిన్న అక్షరాలు ఎవరివో ముప్పై మూడేళ్ళుగా ఆమెకు తెలుసు.

‘మార్చి ముప్పై ఒకటిన నోబుకోకి చెప్పాలి. ఇల్లు తనకే. ఈలోగా అన్నం వండుకోవడం నేర్చుకోవాలి.’